ఏకాంతానికి గడియ లోపలివైపు ఉండాలి

తెలుగులో ఏకాంతం, ఒంటరితనం అని రెండు మాటలున్నాయి. ఎస్సే పేపర్లో ఇలాంటి అంశం వస్తే మనలో చాలామంది మొదటి పేరాలోనే ఒకటి మంచిది, రెండోది చెడ్డది అని తేల్చేసి ముందుకు వెళ్లిపోతాం. మన భాష ఈ రెండింటినీ విడదీసిన తీరు అంతకంటే లోతుగా ఉంటుంది. ఇద్దరు స్నేహితులు "నీతో ఏకాంతంగా మాట్లాడాలి" అనుకుంటారు. కొత్త దంపతులకు ఇంటివాళ్లు ఏకాంతం కల్పిస్తారు. తిరుమలలో రాత్రి జరిగే చివరి సేవ పేరు ఏకాంత సేవ. అక్కడ అర్చకులుంటారు, తాళ్లపాక వారి లాలి ఉంటుంది, తరిగొండ వెంగమాంబ పేరిట ముత్యాల హారతి ఉంటుంది. అయినా అది ఏకాంతమే. ఏకాంతం అనే మాటకు పక్కన ఎంతమంది ఉన్నారన్న లెక్క పట్టదు. అక్కర్లేని సందడి ఆగిందా లేదా అన్నదే దాని లెక్క.

ఒంటరితనం సంగతి వేరు. అందులో ఒకటి అనే అంకె ఇమిడి ఉంది. నా అన్నవాళ్లు లేని మనిషిని ఊళ్లలో ఒంటికాయ శొంఠికొమ్ము అంటారు. ఆ మాటలో జాలి ఉంటుంది, కాస్త వెక్కిరింపూ ఉంటుంది.

వయసు పెరిగేకొద్దీ మనిషికి ఏకాంతం విలువ తెలుస్తుందని అంటారు. నేనూ ఒప్పుకుంటాను. కాకపోతే ఆ మాటకు ఒక షరతు ఉంది. గది తలుపుకు గడియ లోపలివైపు ఉండాలి. మనమే వేసుకుని మనమే తీసుకోగలిగితే అది ఏకాంతం. అదే గడియ బయట ఉంటే, గది అదే అయినా, నిశ్శబ్దం అదే అయినా, అది శిక్ష. ఈ షరతు మరిచిపోయి ఏకాంతాన్ని పొగిడితే రెండు నష్టాలున్నాయి. ఒకటి, దిక్కులేనితనాన్ని కూడా పరిపక్వత అని పొరబడతాం. రెండు, గడియ వేసుకునే వీలే లేని కోట్లమంది మన కంటికి ఆనరు. పరిపాలనలోకి వెళ్లాలనుకునే మనకు రెండోది మరీ ముఖ్యం.

నారుమడి నుంచి పొలంలోకి

మన తరం తెలుగు విద్యార్థుల జీవితం చూడండి. పదో తరగతి దాటగానే చాలామందికి రెసిడెన్షియల్ ఇంటర్, ఆ తర్వాత నలుగురుండే ఇంజనీరింగ్ హాస్టల్ గది. పద్దెనిమిదేళ్ల వయసులో మెస్‌లో ఒక్కడే కూర్చుని తినాలంటే నామోషీ. ప్లేటు పట్టుకుని తెలిసిన ముఖం కోసం వెతుకుతాం. పాతికేళ్లు వచ్చేసరికి అదే మనిషి ఆదివారం మధ్యాహ్నం ఒంటరిగా ఓ ప్లేట్ ఇడ్లీ తిని, ఎవరికీ ఫోన్ చేయకుండా గంటసేపు నడిచి వస్తాడు. దాన్ని లోటుగా అనుకోడు.

ఈ మార్పుకు స్టాన్‌ఫర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త లారా కార్‌స్టెన్‌సెన్ ఒక వివరణ ఇచ్చారు. ముందు ఎంతో కాలం ఉందనుకున్నప్పుడు మనిషి కొత్త పరిచయాలు, కొత్త సమాచారం పోగుచేస్తాడు. కాలం పరిమితమని తెలిసేకొద్దీ వలయాన్ని తగ్గించుకుని, మనసుకు దగ్గరైన కొద్దిమందికే సమయం ఇస్తాడు. ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. ఈ మార్పు తెచ్చేది పుట్టినరోజుల లెక్క కంటే మిగిలిన కాలం మీద మనిషికుండే ఎరుక. తీవ్రమైన జబ్బుతో ఉన్న చిన్న వయసువారు కూడా వృద్ధుల్లాగే తమ బంధాలను ఎంచుకోవడం పరిశోధనల్లో కనిపించింది. సివిల్స్‌కు చదివేవారికి ఈ ఎరుక కాస్త ముందే వస్తుందని నాకనిపిస్తుంది. జనరల్ కేటగిరీలో వయసు 21 నుంచి 32, అటెంప్ట్‌లు ఆరు. కాలానికి అంచు ఎక్కడుందో మనకు నోటిఫికేషన్‌లోనే రాసి ఇస్తారు.

వరి పండే ఊళ్లలో పెరిగినవారికి ఈ మార్పును ఇంకోలా చెప్పొచ్చు. నారుమడిలో మొలకలు ఒకదానినొకటి ఒరుసుకుంటూ పెరుగుతాయి. ఆ వయసుకు ఆ ఒత్తిడే రక్ష. మూడు నాలుగు వారాలు దాటినా అక్కడే ఉంచితే నారు ముదిరిపోతుంది, తర్వాత నాటినా సరిగా పిలకలు వేయదు. అందుకే అదనులో తీసి, మొక్కకూ మొక్కకూ మధ్య జాగా వదిలి నాటుతారు. ఆ జాగాలోనే దుబ్బు కడుతుంది. ఐతే నాటిన చోటు కూడా పొలమే. అదే నీరు, అదే వరుసలో తోటి మొక్కలు. పీకిన నారుకట్టను గట్టు మీద వదిలేసినా దానికి జాగా దొరుకుతుంది, కానీ సాయంత్రానికి వాడిపోతుంది.

వయసుతో వచ్చే ఏకాంతం నాటు లాంటిది. గట్టు మీద పడి ఉండటాన్ని ఆ పేరుతో పిలవకూడదు.

గడియ ఎవరి చేతిలో ఉంది?

చరిత్రలో మూడు ఉదాహరణలు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా స్పష్టమవుతుంది.

మొదటిది గాంధీజీ సోమవారం. వారంలో ఆ ఒక్క రోజు ఆయన మౌనం పాటించేవారు. చెప్పాల్సింది ఉంటే కాగితం మీద రాసేవారు. 1947 జూన్ 2 సోమవారం. దేశ విభజన ప్రణాళికను మౌంట్‌బాటెన్ జాతీయ నాయకుల ముందు పెట్టిన రోజు అది. ఆ రోజు వైస్రాయ్‌ని కలిసినప్పుడు కూడా గాంధీజీ నోరు విప్పలేదు, వాడేసిన కవర్ల వెనక రాసి తన మాట చెప్పారు. ఆ నిర్ణయాన్ని వ్యతిరేకించిన మనిషి ఆ రోజు మౌనం వీడాల్సింది కాదా అని వాదించేవారు వాదించవచ్చు. నాకు ముఖ్యంగా తోచేది ఇది: ఆ మౌనం ఆయన వేసుకున్న గడియ. దేశమంతా తలుపు తడుతున్నా దాన్ని తీయాలా వద్దా అన్నది ఆయన చేతిలోనే ఉంది. మిగతా ఆరు రోజులు ఆ తలుపు అందరికీ తెరిచే ఉండేది.

రెండోది అహ్మద్‌నగర్ కోట. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా తీర్మానం తర్వాత కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ సభ్యులను అక్కడ నిర్బంధించారు. నెహ్రూ అక్కడే 1944లో 'డిస్కవరీ ఆఫ్ ఇండియా' రాశారు. మౌలానా ఆజాద్ పంపే వీలులేని ఉత్తరాలు రాసుకున్నారు, అవే తర్వాత 'గుబారే ఖాతిర్' అయ్యాయి. మన భోగరాజు పట్టాభి సీతారామయ్య అక్కడి రోజుల నుంచి 'ఫెదర్స్ అండ్ స్టోన్స్' అనే పుస్తకం తెచ్చారు. దీన్ని చూసి జైలు ఏకాంతం గొప్ప పుస్తకాలు పుట్టిస్తుందని రాసేస్తుంటారు. ఆ వాదన నిలవదు. గడియ బయటే ఉన్నా, కోట లోపల ఒకరికొకరు ఉన్నారు. మాట్లాడుకోవడానికి, వాదించుకోవడానికి, రాసింది చదివి వినిపించడానికి సమవయస్కులైన పండితులున్నారు. పుస్తకాలు పుట్టించింది ఆ సహవాసం, ఆ తీరిక కలిసి.

మూడోది 1906లో పూర్తయిన పోర్ట్‌బ్లెయిర్ సెల్యులార్ జైలు. ఏడు విభాగాలు చక్రపు ఆకుల్లా మధ్య గోపురం నుంచి బయటకు సాగుతాయి. ఒక విభాగంలోని గదులు ఇంకో విభాగం వెనక గోడను చూస్తాయి. ఖైదీకి ఇంకో ఖైదీ ముఖం కనిపించకూడదన్నదే ఆ నిర్మాణంలోని ఆలోచన. అహ్మద్‌నగర్లో దొరికిన ఆ ఒక్కటి ఇక్కడ తీసేశారు. మనుషులను విరచడానికి అది చాలనుకున్నారు.

చట్టానికి కూడా ఈ సంగతి తెలుసు. ఏకాంత నిర్బంధాన్ని భారత శిక్షాస్మృతి 73, 74 సెక్షన్లు అదనపు శిక్షగా గుర్తించి, మొత్తం మూడు నెలలు మించకూడదని, ఒకసారికి 14 రోజులు దాటకూడదని హద్దులు పెట్టాయి. భారతీయ న్యాయ సంహితలో అవే 11, 12 సెక్షన్లు. 1978 నాటి సునీల్ బాత్రా కేసులో, మరణశిక్ష పడినంత మాత్రాన జైలు అధికారులు ఖైదీని ఏకాంత నిర్బంధంలో పెట్టలేరని సుప్రీంకోర్టు తేల్చింది. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలు 15 రోజులకు మించిన ఏకాంత నిర్బంధాన్ని నిషేధించాయి. ఒక మునికి వరంగా కనిపించే నిశ్శబ్దాన్నే ప్రపంచం చిత్రహింసల సరసన చేర్చింది. రెంటికీ తేడా గడియ దగ్గరే.

ఇది పరాయి ఆలోచనా?

ఏకాంతం అనేది పాశ్చాత్య వ్యక్తివాదమని, ఉమ్మడి కుటుంబాల దేశానికి అది అతకదని ఒక అభ్యంతరం వినిపిస్తుంది. మన సంప్రదాయం దీనికి భిన్నంగా ఉంది. బ్రహ్మచర్యం, గార్హస్థ్యం, వానప్రస్థం, సన్యాసం అన్న క్రమమే వయసుతో పాటు సందడికి దూరం జరగడాన్ని జీవిత ప్రణాళికలో పెట్టింది. వానప్రస్థం అన్న మెట్టు గృహస్థ బాధ్యతలు తీర్చుకున్న తర్వాతే వస్తుంది. పని ఎగ్గొట్టి అడవికి వెళ్లడానికి అందులో చోటు లేదు. ఆ క్రమం అందరికీ తెరిచి లేదన్న విమర్శ న్యాయమైనదే. కులాన్ని బట్టి, లింగాన్ని బట్టి అది కొందరికే దక్కింది. ఆ విమర్శ కూడా ఏకాంతం పంపకం గురించినదే కాబట్టి దాన్ని కింద మళ్లీ చూద్దాం.

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే దారిలో తొట్లకొండ ఉంది. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ పేరు. సముద్రానికి ఎదురుగా కొండ మీద ఉన్న ఆ బౌద్ధ శిథిలాల్లో భిక్షువులు ఉండే చిన్న చిన్న గదుల పునాదులు వరుసగా కనిపిస్తాయి. వాటి పక్కనే అందరూ కలిసే మండపం, అందరూ తినే భోజనశాల కూడా ఉన్నాయి. ధ్యానానికి ఎవరి గది వారిది. అన్నానికి, చర్చకు ఒకే కప్పు. ఇంటి వాకిలి విడిచి వచ్చినవారు కూడా ఒంటరిగా బతకాలనుకోలేదు. ఏకాంతానికీ సహవాసానికీ మధ్య నాలుగడుగుల దూరం మాత్రమే ఉంచుకున్నారు.

మనకు దగ్గరి కాలంలో సంజీవదేవ్ ఉన్నారు. యవ్వనంలో హిమాలయాల దాకా తిరిగి, కులూ లోయలో చిత్రకారుడు నికొలస్ రోరిక్ కుటుంబంతో గడిపి, గుంటూరు జిల్లా తుమ్మపూడికి తిరిగి వచ్చి, 1999లో కన్నుమూసే వరకూ ఆ ఊళ్లోనే ఉండిపోయారు. బొమ్మలు వేసుకున్నారు, చదువుకున్నారు, ఉత్తరాలు రాశారు. ఆయన ఉత్తరాలు పుస్తకాలుగా వచ్చాయి. పల్లెలో కూర్చున్న మనిషికి అన్ని ఉత్తరాలు రాసేంత మంది ఉన్నారంటే ఆయన ఏకాంతం ఎలాంటిదో అర్థమవుతుంది.

గది ఎవరికి ఉంది?

ఇప్పుడు అసలు సమస్యకు వద్దాం. గడియ లోపలివైపు ఉండాలంటే ముందు గది ఉండాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో సుమారు 37 శాతం కుటుంబాలు ఒక్క గది ఇళ్లలో ఉన్నాయి. మరో 4 శాతానికి దగ్గరగా తమకంటూ ప్రత్యేకమైన గదే లేదు. అక్కడ వంట, చదువు, పడక, జబ్బు, గొడవ అన్నీ ఒకే నాలుగు గోడల మధ్య. ఆ ఇంటి పిల్లవాడికి వయసు పెరిగినా ఏకాంతం రుచి తెలిసే అవకాశం రాదు. తెలిసినా ఏ చెట్టు కిందో, ఏ బస్టాండు బెంచీ మీదో వెతుక్కోవాలి.

గది ఉన్నా సమయం ఉండాలి. 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనిలో పాల్గొనే స్త్రీలు దాని మీద రోజుకు 289 నిమిషాలు గడుపుతుంటే, పురుషులు 88 నిమిషాలు గడుపుతున్నారు. నాన్న రిటైరయ్యాక పొద్దున్నే పేపరు పట్టుకుని కూర్చునే గంటను మనం ఆయన ప్రశాంతత అంటాం. ఆ గంటలో అమ్మ ఎక్కడుందో వెతికితే పొయ్యి దగ్గర దొరుకుతుంది. వంటింట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది నిజమే, కానీ అందులో ఏకాంతం లేదు. ఎవరు ఎప్పుడు ఏం అడిగినా చేయి తుడుచుకుంటూ రావాలి. 1929లో వర్జీనియా వుల్ఫ్ రాయాలనుకునే స్త్రీకి సొంత గది, కాస్త సొంత డబ్బు ఉండాలని వాదించింది. మన లెక్కలో దానికి సొంత గంటలు కూడా కలపాలి.

బయట కూడా ఇదే తేడా. టీ కొట్టు దగ్గర మగవాడు గంటసేపు ఊరికే కూర్చున్నా ఎవరూ పట్టించుకోరు. అదే చోట అమ్మాయి పది నిమిషాలు నిలబడితే "ఎవరికోసం చూస్తున్నావమ్మా?" అని ఒకరైనా అడుగుతారు. కారణం చెప్పకుండా ఊరికే ఉండే హక్కు ఆమెకు లేదన్నమాట. ముంబై స్త్రీల అనుభవాల ఆధారంగా 2011లో వచ్చిన 'వై లాయిటర్' పుస్తకం సరిగ్గా ఈ హక్కు గురించే మాట్లాడింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. బహిరంగ ప్రదేశంలో ఉన్నంత మాత్రాన మనిషి గోప్యత పోదని, అది చోటుకు కాక మనిషికి అంటిపెట్టుకుని ఉంటుందని కూడా చెప్పింది. మనం ఆ తీర్పును ఆధార్, డేటా ప్రశ్నలకే వాడుతుంటాం. టీ కొట్టు దగ్గర నిలబడ్డ అమ్మాయికి కూడా అది వర్తిస్తుందని పాలిటీ నోట్స్‌లో ఓ మూల రాసుకోవడం మంచిది.

అరుగు పోయిన ఇళ్లు

రెండో వైపు చూస్తే గది, సమయం రెండూ కావాల్సినంత ఉండి, తలుపు తట్టేవారు లేని పెద్దలున్నారు. 2011లోనే దేశంలో 60 ఏళ్లు దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. పిల్లలు హైదరాబాద్, బెంగళూరు, అమెరికాల్లో, తల్లిదండ్రులు ఊళ్లో ఉన్న రెండంతస్తుల ఇంట్లో. ఇది మన రెండు రాష్ట్రాల్లో ఎవరికీ చెప్పనక్కర్లేని దృశ్యం. వాళ్లను "హాయిగా ప్రశాంతంగా ఉన్నారు" అనడం మనకు సౌకర్యం. వాళ్ల గడియ ఎటువైపు ఉందో అడిగితేనే నిజం తెలుస్తుంది.

పాత తెలుగు ఇళ్లకు అరుగు ఉండేది. అది ఇంట్లోనూ కాదు, వీధిలోనూ కాదు. తాతయ్య అరుగు మీద ఒక్కడే కూర్చుని గంటలు గడిపేవాడు. దారిన పోయేవాడు "ఏం తాతా, భోజనమైందా?" అని అడిగి సాగిపోయేవాడు. కావాలంటే మాట, లేదంటే మౌనం. అపార్ట్‌మెంట్లు వచ్చాక ఆ మధ్య జాగా పోయింది. ఇప్పుడు తలుపు తీస్తే లిఫ్టు, వేస్తే టీవీ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సామాజిక సంబంధాల మీద వేసిన కమిషన్ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని, ఏటా సుమారు 8,71,000 మరణాలకు దానితో సంబంధం ఉందని అంచనా వేసింది. ధనిక దేశాల్లో 11 శాతం దాకా ఉన్న ఒంటరితనం తక్కువ ఆదాయ దేశాల్లో 24 శాతం దాకా ఉందని కూడా చెప్పింది. జనం కిక్కిరిసిన పేద సమాజాల్లో ఒంటరితనం ఉండదన్న మన నమ్మకాన్ని ఈ అంకెలు బలపరచవు. బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో ఒంటరితనానికి ఒక మంత్రిని నియమించాయి. మనకు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఉంది, 14567 ఎల్డర్‌లైన్ ఉంది. అవి తిండికి, ఆస్తికి, ఆపదకు పనికొస్తాయి. "భోజనమైందా?" అని అడిగే మనిషిని చట్టం సృష్టించలేదు. ఆ మనిషి తారసపడే చోటును మాత్రం ప్రభుత్వం కట్టగలదు.

పదిమంది మధ్య ఏకాంతం

అలాంటి చోటు ఒకటి మనకు ముందునుంచీ ఉంది. అది గ్రంథాలయం. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1914లో బెజవాడలో మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం. ఇవన్నీ మనం చరిత్ర పేపర్ కోసం జాగృతి ఉద్యమాల కింద చదువుతాం. ఏకాంతం వైపు నుంచి చూస్తే వీటికి ఇంకో అర్థం కనిపిస్తుంది. ఒక్క గది ఇంటి పిల్లవాడికి అవి పైసా ఖర్చు లేని సొంత మూల. పక్కన మనిషి ఉంటాడు, కానీ కదిలించడు. ముసలాయనకు అవి అరుగు. పేపరు చదివే నెపంతో నలుగురిని చూసి వస్తాడు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో సీటు కోసం పొద్దున్నే వచ్చే అభ్యర్థులను చూసినవారికి అక్కడ దొరికేది పుస్తకాలొక్కటే కాదని తెలుసు.

మన ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా కడుతున్నాం. ఆ డబ్బు స్థానిక సంస్థల నుంచి గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరడం లేదన్న ఫిర్యాదు పాతదే. చేరేలా చూడటం, సాయంత్రం పని ముగించుకుని వచ్చేవారికి తెరిచి ఉండేలా వేళలు మార్చడం, ఆడపిల్లలు రాత్రి తొమ్మిది దాకా చదువుకుని భయం లేకుండా ఇల్లు చేరేలా వీధిదీపం, బస్సు ఏర్పాటు చేయడం. ఇవి చిన్న పనులే. రేపు మనలో ఎవరైనా మున్సిపల్ కమిషనర్ అయితే చేతిలో ఉండే పనులు కూడా.

మన గదుల సంగతి

చివరగా మన గురించి. ప్రిపరేషన్ మొదలుపెట్టినవాడు ముందు చేసే పని గ్రూపుల నుంచి తప్పుకోవడం, పెళ్లిళ్లు మానేయడం, పండక్కి ఇంటికి వెళ్లకపోవడం. ఇందులో కొంత అవసరమే. సిగ్నల్ బలం పెంచలేనప్పుడు నాయిస్ తగ్గించుకోవాలని ఇంజనీరింగ్‌లో చదివిందే. ఐతే ఫలితాలు రానప్పుడు ఎవరికీ ముఖం చూపించలేక గదిలో ఉండిపోవడాన్ని కూడా మనం "ఫోకస్" అనే పేరుతోనే పిలుస్తాం. బయటకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండింట్లోనూ తలుపు వేసే ఉంటుంది. రెండోదాంట్లో మాత్రం సిగ్గు బయటి నుంచి గడియ పెట్టింది.

తేడా తెలుసుకోవడానికి నేను మూడు ప్రశ్నలు పెట్టుకున్నాను. ఈ వారం ఎవరైనా భోజనానికి పిలిస్తే, సమయం లేక వద్దంటున్నానా, వాళ్ల ప్రశ్నలకు భయపడి వద్దంటున్నానా? గది నుంచి బయటకు వచ్చినప్పుడు మనుషులు మునుపటి కంటే ఇష్టంగా అనిపిస్తున్నారా, మరింత బరువుగా అనిపిస్తున్నారా? అర్ధరాత్రి మనసు బాగోలేకపోతే మొహమాటం లేకుండా ఫోన్ చేయగల పేరు ఒక్కటైనా ఉందా? మూడో ప్రశ్నకు జవాబు లేదని తోస్తే అప్పుడు 14416 టెలీ మానస్ నంబరు ఉంది, ఉచితం, రోజంతా పనిచేస్తుంది. దాన్ని కరెంట్ అఫైర్స్ పాయింటుగా మాత్రమే గుర్తుపెట్టుకుంటే సరిపోదు.

ఇంకో సంగతి ఫోన్. 2014లో టిమొతీ విల్సన్ బృందం సైన్స్ పత్రికలో ప్రచురించిన ప్రయోగాల్లో మనుషులను ఏ పనీ లేకుండా కొద్ది నిమిషాలు ఒంటరిగా కూర్చోబెట్టారు. ఒక ప్రయోగంలో 15 నిమిషాలు ఊరికే కూర్చోలేక 18 మంది పురుషుల్లో 12 మంది, 24 మంది స్త్రీలలో ఆరుగురు తమకు తామే కరెంటు షాక్ ఇచ్చుకున్నారు. మన చేతిలో షాక్ మీటకు బదులు రీల్స్ ఉన్నాయి. గదిలో ఒక్కరమే ఉండి గంటకు వందమందిని చూస్తే దాన్ని ఏకాంతం అనలేం, ఒంటరితనం మాత్రం తగ్గదు. రెండు వైపులా నష్టపోయే బేరం అది.

ఈ సాధన పరీక్ష దాటాక కూడా పనికొస్తుంది. ఎథిక్స్ సిలబస్‌లో నైతిక మార్గదర్శకత్వానికి చట్టాలు, నియమాలు, నిబంధనల పక్కన అంతరాత్మను కూడా చేర్చారు. మొదటి మూడూ పుస్తకాల్లో దొరుకుతాయి. నాలుగోది వినపడాలంటే చుట్టూ మాటలు ఆగాలి. ఒక ఫైలు మీద పదిమంది చర్చిస్తారు, ఫోన్లు వస్తాయి, సిఫార్సులు వస్తాయి. చివరికి నోట్ రాసి సంతకం పెట్టే చేయి ఒక్కటే. పాతికేళ్లప్పుడు పావుగంట తనతో తాను కూర్చోలేని మనిషి నలభై ఏళ్లప్పుడు ఆ ఒక్క నిమిషం నిలబడగలడని నేననుకోను. అలాగే మనుషుల మధ్య తిరగని అధికారికి ఆ ఫైలు వెనక ఎవరి బతుకుందో తెలియదు.

కాబట్టి వయసుతో పాటు ఏకాంతం మీద ప్రేమ పెరుగుతుంటే దాన్ని అనుమానించనక్కర్లేదు, గర్వపడనూ అక్కర్లేదు. అప్పుడప్పుడు గడియ మీద చేయి వేసి, తీస్తే వస్తోందో లేదో చూసుకుంటే చాలు. ఆ తర్వాత పక్కింటి తలుపు సంగతి కూడా పట్టించుకోవాలి. ఈ ఉద్యోగం కోరుకున్నది ఆ పని కోసమే కదా.